పిల్లల పంటి వైద్యం: క్షేమంలో మన వంతు



స్కూల్లో దంత పరీక్ష జరిగిన రోజు కొందరు పిల్లల డైరీలో ఒక చీటీ వస్తుంది: "పిప్పి పన్ను ఉంది. డెంటిస్ట్‌కు చూపించగలరు." ఆ చీటీ చూడగానే ఇళ్లలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. "పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోయేదే" అని ఒకరంటారు. "ఇంత చిన్నపిల్లకు ఇంజెక్షన్లు, మత్తు మందులా? ఏమైనా అయితే?" అని మరొకరంటారు. మొదటి మాట పొరపాటు. రెండో మాటలోని భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఆ భయంతో వైద్యం మానేయడం కంటే, వైద్యం క్షేమంగా జరిగేలా చూసుకోవడం మంచిది.

పిల్లల పంటి చికిత్సల్లో అత్యధిక భాగం ఏ ఇబ్బందీ లేకుండానే పూర్తవుతాయి. ఇబ్బంది వచ్చినచోట వెనక్కి తిరిగి చూస్తే చాలాసార్లు కనిపించేవి చిన్న విషయాలే: బిడ్డ బరువు ఎవరూ చూడలేదు, పొద్దున్నే పాలు తాగిన సంగతి ఎవరూ చెప్పలేదు, ఏ పన్నుకు వైద్యమో తల్లిదండ్రులకు తెలియదు, ఇంటికి వచ్చాక ఎవరూ కనిపెట్టి చూడలేదు. వీటిలో చాలావరకు తల్లిదండ్రులకు మాత్రమే తెలిసిన విషయాలు, తల్లిదండ్రులు మాత్రమే చేయగలిగిన పనులు. అందుకే ఈ నెల వ్యాసంలో క్లినిక్‌కు వెళ్లే ముందు నుంచి ఇంటికి వచ్చేదాకా మన వంతు ఏమిటో వరుసగా చూద్దాం.

వదిలేస్తే ఏమవుతుంది?

పాలపళ్లు మొత్తం 20. సుమారు ఆరో నెల నుంచి రావడం మొదలై, మూడేళ్లు నిండేసరికి అన్నీ వచ్చేస్తాయి. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి. వెనక ఉండే దవడ పళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అంటే అయిదేళ్ల బిడ్డకు పుచ్చిన దవడ పన్ను ఇంకో అయిదారేళ్లు అన్నం నమలాల్సిన పన్ను. కింద పెరుగుతున్న శాశ్వత పన్నుకు చోటు పట్టి ఉంచేది కూడా అదే. పుచ్చు లోపలికి దిగితే వేరు దగ్గర చీము పడుతుంది, కింద తయారవుతున్న కొత్త పన్నుకూ హాని కలగవచ్చు. అరుదుగానైనా ఆ ఇన్‌ఫెక్షన్ ముఖానికి, మెడకు పాకి పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడు చేసే వైద్యం చిన్నది, దాని ప్రమాదమూ చిన్నదే. నల్ల మచ్చ దశలోనే చూపిస్తే ఫ్లోరైడ్ వార్నిష్‌తోనో, చిన్న ఫిల్లింగ్‌తోనో అయిపోవచ్చు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం పూసి పుచ్చును అక్కడితో ఆపే పద్ధతి కూడా ఉంది. అది పూసినచోట పన్ను నల్లబడుతుంది కానీ డ్రిల్లు, ఇంజెక్షను ఉండవు. కొన్ని దవడ పళ్లకు అరగదీయకుండానే స్టీలు క్యాప్ తొడిగే పద్ధతీ ఉంది. దీన్ని హాల్ టెక్నిక్ అంటారు. అన్ని పళ్లకూ ఇవి పనికిరావు. అయినా "డాక్టర్‌గారూ, ఇంజెక్షను గానీ మత్తు గానీ లేకుండా అయ్యే మార్గం ఏదైనా ఉందా?" అని అడగడం మన హక్కు. లేకపోతే ఎందుకు లేదో మంచి డాక్టరు ఎక్స్‌రే చూపించి మరీ చెబుతారు.

ముందుగా బరువు

పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారు. వాళ్లకిచ్చే ప్రతి మందూ కిలోల లెక్కన ఇవ్వాలి. పన్ను దగ్గర తిమ్మిరి ఎక్కించడానికి వేసే ఇంజెక్షనూ అంతే.

మన దగ్గర ఎక్కువగా వాడే తిమ్మిరి మందు లిగ్నోకైన్. పిల్లల దంతవైద్యంలో దీనికి సాధారణంగా పాటించే గరిష్ఠ మోతాదు కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు. 2 శాతం మందు ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల లిగ్నోకైన్ ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. 15 కిలోల బిడ్డకు గరిష్ఠంగా 66 మిల్లీగ్రాములు, అంటే 3.3 మిల్లీలీటర్లు. దంతవైద్యంలో వాడే కార్ట్రిడ్జ్ ఒక్కోటి 1.8 మిల్లీలీటర్లు. ఆ లెక్కన రెండు కార్ట్రిడ్జ్‌లు పూర్తిగా వేస్తేనే హద్దు దాటిపోతుంది. అదే రెండు కార్ట్రిడ్జ్‌లు 60 కిలోల మనిషికి ఏమీ కావు.

మోతాదు మించితే మొదట బిడ్డ మగతగా, తికమకగా కనిపించవచ్చు, మాట ముద్దగా రావచ్చు, వణకవచ్చు. తీవ్రమైతే ఫిట్స్ వస్తాయి, ఊపిరి మందగిస్తుంది. దీనికి మగత మందు కూడా తోడైతే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి అప్పుడు తిమ్మిరి మందు ఇంకా తగ్గించాలి. ఇంజెక్షనుకు ముందు చిగురుకు పూసే జెల్, కొట్టే స్ప్రే కూడా లెక్కలోకే వస్తాయి.

ఈ లెక్కలు వేయాల్సింది డాక్టరే. మనం చేయాల్సింది రెండే. మొదటిది, వెళ్లే రోజు బిడ్డ బరువు తూచి చెప్పడం. కిందటేడు స్కూలు హెల్త్ కార్డులో రాసిన బరువు పనికిరాదు. రెండోది, "సెలవులు తక్కువ ఉన్నాయి, నాలుగు వైపులా ఉన్న పళ్లన్నీ ఒకేసారి చేసేయండి" అని తొందర పెట్టకపోవడం. నాలుగు వైపులంటే నాలుగు చోట్ల ఇంజెక్షను. చిన్న బిడ్డకు ఒక్కో విడతలో ఒక వైపు చేయించుకోవడమే మేలని డాక్టరు అంటే ఆ మాట వినండి.

డాక్టరుకు చెప్పి తీరాల్సినవి

పంటి వైద్యమే కదా, మిగతా ఒంటి సంగతులు ఎందుకు అనుకోకండి. ఈ కిందివాటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోనులో చెప్పండి.

గుండె సమస్య: పుట్టుకతో గుండెలో రంధ్రం, వాల్వు ఇబ్బంది, గుండె ఆపరేషన్. కొన్ని రకాల గుండె జబ్బులున్న పిల్లలకు పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఎవరికి ఇవ్వాలో వాళ్ల గుండె డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

రక్తస్రావం: చిన్న దెబ్బకే ఎక్కువసేపు రక్తం కారడం, తరచూ ముక్కు నుంచి రక్తం రావడం, ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు, మేనమామల్లో ఎవరికైనా హీమోఫీలియా. ఇలాంటివి ఉంటే పన్ను తీసే ముందే రక్తపరీక్ష చేయించాలి.

ఆయాసం, ఫిట్స్, షుగర్, అలర్జీ: రోజూ వాడే మందుల పేర్లన్నీ చీటీ మీద రాసుకెళ్లండి. ఆయుర్వేదం, హోమియో మందులూ అందులో ఉండాలి. ఆయాసం ఉన్న బిడ్డ ఇన్‌హేలర్ బ్యాగులోనే ఉండాలి.

గురక, టాన్సిల్స్: రాత్రి గట్టిగా గురక పెట్టే పిల్లలకు, నోరు తెరిచి నిద్రపోయే పిల్లలకు మగత మందు ఇస్తే గాలిదారి మూసుకుపోయే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క మాట చెప్పడం చాలామంది మర్చిపోతారు.

జలుబు, దగ్గు: మత్తు ఇచ్చి చేసే వైద్యమైతే జలుబు, కఫం ఉన్నప్పుడు వాయిదా వేయడం మంచిది.

కుటుంబంలో మత్తుతో ఇబ్బంది: ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం గానీ, సొంతంగా ఊపిరి తీసుకోవడం గానీ బాగా ఆలస్యమైందా? సక్సినైల్‌కోలిన్ అనే మందును కొందరి శరీరం త్వరగా విడగొట్టలేదు. ఇది వంశపారంపర్యంగా వచ్చే లక్షణం. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగతావారి కంటే ఎక్కువగా కనిపిస్తుందని మన రాష్ట్రాల మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. మామూలు జీవితంలో దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. జనరల్ అనస్థీషియా ఇచ్చే ముందు చెబితే చాలు, వాళ్లు వేరే మందు వాడతారు.

ఏ పన్ను? నంబరు చదవడం నేర్చుకుందాం

తప్పు పన్నుకు వైద్యం జరగడం అరుదే, కానీ జరిగితే తిరిగి సరిచేయలేనిది. దీన్ని ఆపడానికి తల్లిదండ్రులకు అయిదు నిమిషాల్లో వచ్చే చిన్న విద్య ఒకటుంది.

డెంటిస్టులు ప్రతి పన్నుకూ రెండంకెల నంబరు రాస్తారు. మొదటి అంకె నోట్లో ఏ వైపో చెబుతుంది, రెండో అంకె ముందు నుంచి లెక్కిస్తే ఎన్నో పన్నో చెబుతుంది. పాలపళ్లకు మొదటి అంకె 5, 6, 7, 8 లలో ఒకటి: 5 అంటే పైన కుడి, 6 అంటే పైన ఎడమ, 7 అంటే కింద ఎడమ, 8 అంటే కింద కుడి. కుడి, ఎడమ అంటే బిడ్డకు కుడి, బిడ్డకు ఎడమ. ఎదురుగా నిలబడ్డ మనకు కాదు. కాబట్టి 75 అంటే కింద ఎడమవైపు చిట్టచివరి పాలపన్ను.

శాశ్వత పళ్లకు ఇదే వరుసలో మొదటి అంకె 1, 2, 3, 4. ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి. ఆరేళ్లకు అటూ ఇటూగా పాలపళ్ల వెనక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే అది కొత్తగా వస్తుంది కాబట్టి చాలామంది అమ్మానాన్నలు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. వాటి నంబర్లు 16, 26, 36, 46. ఒకటో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఈ నాలుగు నంబర్లూ గుర్తుపెట్టుకోవాలి.

ప్రిస్క్రిప్షన్ మీద పన్ను తీయాలని రాసి, మొదటి అంకె 1 నుంచి 4 లోపు ఉంటే ఆగి అడగండి: "ఇది శాశ్వత పన్నేనా? తీయక తప్పదా?" కొన్నిసార్లు నిజంగానే తప్పదు. అయినా అడిగి తెలుసుకున్నాకే సంతకం చేయాలి. ఎక్స్‌రేలో ఆ పన్ను చూపించమనండి. కుర్చీ ఎక్కే ముందు "ఈ రోజు చేసేది ఈ పన్నుకే కదా" అని ఇంకోసారి అడిగితే ఏ డాక్టరూ తప్పుపట్టరు.

మత్తు అంటే ఎన్ని రకాలు?

"మత్తు ఇస్తాం" అనే ఒక్క మాట వెనక వేర్వేరు విషయాలు ఉంటాయి. ఏ రకమో స్పష్టంగా అడగాలి.

మొదటిది, పన్ను చుట్టూ మాత్రమే తిమ్మిరెక్కించే ఇంజెక్షను. బిడ్డ పూర్తి మెలకువతో ఉంటుంది. దీనికి ఉపవాసం అక్కర్లేదు. నిజానికి ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరగవచ్చు, కాబట్టి తేలిగ్గా ఏదైనా పెట్టి తీసుకెళ్లండి.

రెండోది, ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి ఇచ్చే లాఫింగ్ గ్యాస్. నైట్రస్ ఆక్సైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు. బిడ్డ మెలకువగానే ఉండి మాట్లాడుతుంది, భయం తగ్గుతుంది. చివర్లో కాసేపు ఆక్సిజన్ ఒక్కటే ఇచ్చి లేపుతారు.

మూడోది, తాగించే మందుతో గానీ, ముక్కులో వేసే మందుతో గానీ, నరానికి ఇచ్చే మందుతో గానీ మగత కలిగించడం. నాలుగోది పూర్తి మత్తు, అంటే జనరల్ అనస్థీషియా. ఈ రెండింటిలోనే అసలు జాగ్రత్త కావాలి. బిడ్డ తేలికపాటి మగతలో ఉందనుకుంటుండగానే లోతైన మత్తులోకి జారిపోవచ్చు. పిల్లల గాలిదారి సన్నన, ఒంట్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ. ఊపిరి ఆగితే పెద్దవాళ్ల కంటే చాలా త్వరగా ఆక్సిజన్ పడిపోతుంది. అందుకే అది పడిపోతున్నట్టు వెంటనే గమనించే మనిషి, వెంటనే సరిచేయగల ఏర్పాటు ఆ గదిలోనే ఉండాలి.

అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం, పిల్లల దంతవైద్యుల సంఘం కలిసి 2019లో తమ మార్గదర్శకాలను సవరించి ఈ విషయంలో గట్టిగా చెప్పాయి. లోతైన మత్తు ఇచ్చేటప్పుడు పన్ను చేసే డాక్టరు ఒకరు, మత్తు ఇచ్చి బిడ్డనే చూస్తూ ఉండే నిపుణులు వేరొకరు ఉండాలి. ఒకే మనిషి రెండు పనులూ చేయకూడదు. మీరు ఏ ఊళ్లో చేయించుకున్నా ఈ ప్రశ్నలు అడగండి:

1. మత్తు ఎవరు ఇస్తారు? మత్తు డాక్టరేనా? వైద్యం పూర్తయ్యేదాకా, బిడ్డ పూర్తిగా లేచేదాకా వాళ్లు ఇక్కడే ఉంటారా?
2. పల్స్ ఆక్సీమీటరు మొదటి నుంచి చివరి దాకా వేలికి ఉంటుందా?
3. ఆక్సిజన్ సిలిండరు, నోట్లోని తడి లాగే సక్షన్, పిల్లల సైజు మాస్కు, బ్యాగు, అత్యవసర మందులు ఈ గదిలో ఉన్నాయా?
4. ఏదైనా అయితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? అక్కడికి ఎంతసేపు?

అడిగితే డాక్టరు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. సిద్ధంగా ఉన్న క్లినిక్ ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతుంది. జవాబు దాటవేస్తే, చిరాకు పడితే అక్కడ మత్తు ఇప్పించకండి.

ఖాళీ కడుపు అంటే నిజంగా ఖాళీ

మగతలో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే మూడు, నాలుగు రకాల మత్తులకు ముందు కడుపు ఖాళీగా ఉండాలంటారు. మామూలుగా పాటించే లెక్క ఇది: నీళ్లు 2 గంటల ముందు వరకు, తల్లిపాలు 4 గంటలు, ఆవుపాలు, గేదెపాలు, డబ్బా పాలు, ఇడ్లీ లాంటి తేలికపాటి తిండి 6 గంటలు, పూరీ, బిర్యానీ, మాంసం లాంటివి 8 గంటలు. మీ డాక్టరు ఇంతకంటే ఎక్కువ చెబితే అదే పాటించండి.

మన ఇళ్లలో పొరపాటు ఎక్కువగా పాల దగ్గరే జరుగుతుంది. "ఏమీ తినలేదండీ, కాసిని పాలు తాగింది అంతే" అంటాం. పాలు నీళ్లలాంటివి కావు, కడుపులో పెరుగై తిండిలా నిలుస్తాయి. పాలల్లో కలిపే పౌడర్లూ అంతే. ఆకలికి ఏడుస్తోందని అమ్మమ్మ చాటుగా పెట్టిన బిస్కెట్ కూడా లెక్కలోదే. ముందు రోజు రాత్రే ఇంట్లో అందరికీ చెప్పండి. బిడ్డ ఏదైనా తినేసిందని తెలిస్తే దాచకండి. వైద్యం వాయిదా పడితే పోయేది ఒక పూట మాత్రమే.

కుర్చీలో కూర్చున్నాక

పిల్లల నోట్లో చోటు చిన్నది, పైగా కదులుతారు. స్టీలు క్యాపో, పన్ను ముక్కో, చిన్న పనిముట్టో గొంతులోకి జారే అవకాశం ఉంటుంది. దీన్ని ఆపడానికి రబ్బర్ డ్యామ్ అనే పలుచని రబ్బరు రేకు ఉంది. వైద్యం చేసే పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా దాన్ని తొడుగుతారు. రూట్ కెనాల్ చేసేటప్పుడు ఇది వాడతారా అని అడగవచ్చు.

ఏదైనా మింగేస్తే చాలాసార్లు కొద్ది రోజుల్లో విరేచనంలో పోతుంది. కానీ జారిన వెంటనే దగ్గు, ఉక్కిరిబిక్కిరి, పిల్లికూతలు వస్తే అది గాలిదారిలోకి పోయి ఉండవచ్చు. దగ్గు తగ్గిపోయినా సరే, ఆ వస్తువు దొరకకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించాల్సిందే.

బిడ్డ కదలకుండా ఉండటానికి మన మాటలూ సాయపడతాయి. "అల్లరి చేస్తే డాక్టరుతో ఇంజెక్షన్ వేయిస్తా" అని ఇంట్లో భయపెట్టి పెంచిన బిడ్డ ఆ కుర్చీలో స్థిమితంగా కూర్చోలేదు. "ఏమీ నొప్పి ఉండదు" అని అబద్ధమూ చెప్పకండి. "కొంచెం చురుక్కుమంటుంది, నేను పక్కనే ఉంటాను" అంటే చాలు. బిడ్డను పట్టుకునో, కట్టేసో చేయాల్సి వస్తే ఆ సంగతి ముందే చెప్పి మీ అనుమతి తీసుకోవాలి. వద్దనే హక్కు మీకు ఉంది.

ఇంటికి వచ్చాక

తిమ్మిరి రెండు మూడు గంటలు ఉంటుంది. కింది దవడకైతే ఇంకాస్త ఎక్కువసేపు. ఈ సమయంలో పిల్లలు తెలియకుండానే పెదవి, బుగ్గ, నాలుక కొరుక్కుంటారు. మర్నాటికి పెదవి వాచి తెల్లటి పొర కడుతుంది. చూడగానే చీము పట్టిందని భయం వేస్తుంది. చాలాసార్లు అది మానుతున్న గాయమే, వారం పది రోజుల్లో తగ్గుతుంది. డాక్టరుకు చూపించండి, సొంతంగా యాంటీబయాటిక్ వేయకండి. తిమ్మిరి పోయేదాకా నమిలే తిండి, వేడి పదార్థాలు పెట్టకండి. అందుకే స్కూలు రోజుల్లో పొద్దున ఇంజెక్షను వేయించి లంచ్ బెల్ వేళకు స్కూల్లో దించవద్దని మా మనవి. తప్పనిసరిగా పంపాల్సి వస్తే డైరీలో క్లాస్ టీచర్‌కు ఒక మాట రాయండి.

పన్ను తీశాక దూదిని 20 నుంచి 30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోమనండి. ఆ రోజు పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు. ఉమ్మిలో కాస్త ఎరుపు మామూలే. మరో అరగంట ఒత్తి పట్టినా రక్తం ఆగకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.

మత్తు ఇచ్చిన బిడ్డను స్కూటరు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకురావద్దు. కారులోనైనా, ఆటోలోనైనా పెద్దవాళ్లు ఇద్దరు ఉండాలి. ఒకరు నడిపితే ఒకరు బిడ్డ తల ముందుకు వాలిపోకుండా చూడాలి. తల వాలితే గాలిదారి మడతపడుతుంది. బిడ్డ పూర్తిగా లేచి, మాట్లాడి, కూర్చోగలిగే దాకా క్లినిక్ నుంచి కదలవద్దు.

నొప్పి మందు విషయంలో రెండు జాగ్రత్తలు. పారాసిటమాల్ పిల్లలకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. మార్కెట్లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములున్న సిరప్ ఉంది, 250 ఉన్నదీ ఉంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకే చెంచాతో పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. సీసా మీద అంకె చూసి, ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరుతోనే రాయించుకోండి. రెండోది, ఇంట్లో మిగిలిన మాత్రలు ఇవ్వకండి. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. రెండేళ్ల లోపు పసివాళ్ల చిగుళ్లకు బెంజోకైన్ ఉన్న జెల్‌లు రాయవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. పంటి నొప్పికి కర్పూరం పెట్టడం మన దగ్గర పాత అలవాటు. అది మింగితే చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి.

ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి: వాపు కంటి వైపు గానీ, మెడ కిందికి గానీ పాకడం, నోరు తెరవలేకపోవడం, ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం, ఊపిరి కష్టం కావడం, ఎక్కువ జ్వరం, లేపితే లేవనంత మగత, ఫిట్స్. ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చేయండి. వాపు మీద వేడి కాపడం పెట్టకండి.

ఏదైనా తేడా జరిగితే

అన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని ఇబ్బందులు వస్తాయి. వచ్చిన ప్రతి ఇబ్బందీ డాక్టరు నిర్లక్ష్యం కాదు. మంచి డాక్టరు జరిగింది దాచకుండా చెప్పి, సరిచేసే దారి చూపిస్తారు. ముందు వాళ్లతో శాంతంగా మాట్లాడండి. ఎక్స్‌రేలు, ప్రిస్క్రిప్షన్లు, సంతకం చేసిన అనుమతి పత్రం, బిల్లు అన్నీ భద్రంగా ఉంచుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే పిల్లల దంతవైద్యంలో ఎండీఎస్ చేసిన మరో డాక్టరును కలవవచ్చు. హైదరాబాద్, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలకూ వెళ్లవచ్చు.

డెంటిస్టుకు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. ఆ నంబరు అడగవచ్చు, వృత్తిపరమైన ఫిర్యాదు ఉంటే ఆ కౌన్సిల్‌కే రాయాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి సాధారణంగా రెండేళ్ల గడువు ఉంటుంది.

వెళ్లే ముందు ఒక చీటీ

ఈ ఆరు విషయాలు తెల్లకాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకోండి:

1. ఈ రోజు బిడ్డ బరువు, కిలోల్లో.
2. చివరిసారి తిన్నది, తాగింది ఏమిటి, ఎన్ని గంటలకు.
3. జబ్బులు, అలర్జీలు, రోజూ వాడే మందులు, గురక.
4. ఈ రోజు వైద్యం చేసే పన్ను నంబరు.
5. ఏ రకం మత్తు, ఎవరు ఇస్తారు.
6. రాత్రి వేళ ఫోన్ చేయాల్సిన నంబరు.

ఆరోగ్యానికి సంబంధించి కొత్త విషయం ఏదైనా తెలిస్తే స్కూలు హెల్త్ కార్డులో కూడా రాయించండి. స్కూల్లో పడి పన్ను విరిగినా, బిడ్డను మేమే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చినా అక్కడి డాక్టరు మమ్మల్ని మొదట అడిగేది అందులో ఉన్న సంగతులే. డైరీలో పంటి చీటీ వచ్చి ఇంకా డాక్టరుకు చూపించని వారు, సెలవుల దాకా ఆగకుండా ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోవాలని కోరుతున్నాం.